పుస్తకాల మెట్లు

చచ్చింది గొర్రె, అనుకుంది ఇందిరాదేవి. తెర మీద రెండు జడల పిల్ల ముళ్ళ మీద పడి ఠప్పున చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది, ఆవిడ అయ్యో అనైనా అనుకోకముందే బయల్దేరిన చోట మళ్ళీ నిలబడి, ఏమీ జరగనట్టు రెప్పలార్పింది. ఇదేం విడ్డూరం తల్లీ! చావడానికీ లేవడానికీ మధ్య గుక్క తిప్పుకునేంత వ్యవధి కూడా లేదే, ఆ కాస్తలో ఈ పిల్ల ఎక్కడికెళ్ళి వస్తున్నట్టు? పడ్డ నొప్పి దీనికి గుర్తుంటుందా, లేక ప్రతిసారీ ఇదే మొదటిసారి అనుకుంటుందా? అడుగుదామని పక్కకి తిరిగింది. పక్క కుర్చీలో మనోజ్ఞ, ఈ ఆట తయారుచేసిన మహాతల్లి, ఆవిడ ఒక్కగానొక్క కూతురు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదాలు బిగించి, అడ్డంగా తల ఊపింది. చెప్పకూడదట. తయారుచేసినవాళ్ళు, కొత్తగా ఆడేవాళ్ళ పక్కన కూర్చుని చూడాలే గానీ నోరు విప్పకూడదట. ఎటు వెళ్ళాలో, ఏది నొక్కాలో, ఎందుకు చస్తున్నారో ఒక్క ముక్క చెప్పినా ఆ పరీక్ష చెడిపోయినట్టేనట. "రేపు ఆడేవాళ్ళందరి పక్కనా నేనుండను కదమ్మా," అంది మొదలెట్టేముందు, "అందుకని నేనిప్పుడు లేననుకో." కడుపున పుట్టిన పిల్లని పక్కనే పెట్టుకుని లేదనుకోవడం ఎలాగో మాత్రం చెప్పలేదు. ఇందిరాదేవి తెర వైపు తిరిగి, రెండు జడల పిల్లని మళ్ళీ పరిగెత్తించింది.

ఆ మాటకొస్తే నోరు కట్టేసుకున్నది మనోజ్ఞ ఒక్కతే కాదు. ఇందిరాదేవి నోట్లోనూ ఒక మాట ఉంది, పొద్దున ఇబ్రహీంపట్నంలో బస్సెక్కినప్పటినుంచీ ఉంది, గొల్లపూడి దాటినా, భవానీపురం దాటినా, బెంజి సర్కిల్ దగ్గర దిగి పటమటకి ఆటో మాట్లాడుకున్నా అది అలాగే నాలుక మీద కూర్చుని ఉంది. ఇంక చాల్లేమ్మా. అంతే, ఆ రెండు ముక్కలే. చెప్పమని పంపింది ఆవిడ భర్త నాగేశ్వరరావు. నేను చెబితే గొడవవుతుంది ఇందిరా, నువ్వైతే మెల్లిగా చెబుతావు, నీ మాట వింటుంది అన్నాడు, ఆవిడ చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మం దాకా వచ్చి. పాపం ఆయన్నని ఏం లాభం. బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి వచ్చి, ఈ మేడ మీద గదిలో కూర్చుని, పగలూ రాత్రీ లేకుండా పిల్ల ఏం చేస్తోందో అర్థంకాక నలిగిపోతున్నాడు. పాత కంపెనీవాళ్ళు మళ్ళీ రమ్మని పిలిచారు, ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఈ సాయంత్రమే ఈ ఆట ముక్క కూడా ఎక్కడికో పంపాలట, వాళ్ళకి నచ్చితే మిగతాది పూర్తిచేయడానికి ఆసరా దొరుకుతుందట, నచ్చకపోతే లేదట. నచ్చలేదనిపించుకోవడం ఇదివరకూ అయింది. ఆ రోజు ఫోన్లో కూతురి గొంతు విన్నాక ఆయన అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. అందుకే చాలంటున్నాడు. ఇందిరాదేవి వచ్చీ రాగానే క్యారేజీ బల్ల మీద పెట్టి, నీతో ఒక మాట మాట్లాడాలే మనూ అని మొదలెట్టింది కూడా. ముందు ఇది ఆడమ్మా, ఆఖరి పరీక్ష నీ చేతే చేయిద్దామని ఆపుకున్నా అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది పిల్ల. కూర్చుంది. మాట ఎక్కడికి పోతుందిలే, ఆడాక చెబుదామనుకుంది.

ఎడమ చేతికి ఎ, డి నొక్కితే వెనక్కీ ముందుకీ పరుగు. కుడి చేతికి జె నొక్కితే గెంతడం, గాల్లో ఉండగానే కె నొక్కితే రివ్వుమని దూసుకుపోవడం. అంతకంటే ఏమీ లేదు. మొదట్లో చూపు ఒకసారి తెర మీదకీ ఒకసారి వేళ్ళ మీదకీ పోయి పిల్లని అన్యాయంగా చంపింది గానీ, ఎప్పుడు మానేసిందో ఏమో, ఇప్పుడు కళ్ళు తెర మీదే ఉన్నాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎక్కడున్నారర్రా మీరు ఇన్నాళ్ళూ? ఎ ఎస్ డి ఎఫ్, ఇటు సెమికోలన్ ఎల్ కె జె, ఆటకి అక్కర్లేకపోయినా చిటికెన వేళ్ళు రెండూ వాటి చోటుకి వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాయి. కొండపల్లిలో స్టేషను రోడ్డు మీద, మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్లో, మాస్టారు చేతుల మీద అట్ట అడ్డం పెట్టి చూడకుండా కొట్టమనేవారు, బయట గూడ్సు బండి పోతే మిషన్లన్నీ సన్నగా వణికేవి, వరస చివర గంట టింగుమనగానే ఎడమచెయ్యి మీట తోసేది, అబ్బ, ఎంత వేగంగా కొట్టేది తను! చదివి కొట్టడం కాదు, చదవకుండానే కొట్టడం, కంటికీ వేలికీ మధ్య తనెక్కడా లేకపోవడం. అదిగో, ఇదీ అదే. గొయ్యి, గెంతు, గోడ, దూకు, మళ్ళీ గొయ్యి. లోయరు పాసైంది, హయ్యరు పాసైంది, హైస్పీడు పరీక్షకి కట్టమన్నారు మాస్టారు, ఈ అమ్మాయి కొడుతుంటే మిషనే వెనకబడుతోంది అన్నారు అందరి ముందూ. ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మ, సుబ్బరత్నం, తనకి జడ వేస్తూ, రిబ్బను ముడి బిగిస్తూ, హయ్యరు పాసయ్యావుగా, ఇంక చాల్లేమ్మా అంది. కోప్పడలేదు, అరవలేదు, కారణం చెప్పలేదు. మెల్లిగానే అంది. మర్నాటినుంచి తను వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే పెళ్ళి కుదిరిందనో దూరమనో చెప్పేది గానీ, నిజానికి జరిగిందంతా ఆ రెండు ముక్కలే, ఆ జడ పూర్తయ్యేలోపే అయిపోయింది. అప్పుడు బాధపడిందా? పడలేదే. పడలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. మరి ఇప్పుడు కె మీద వేలు అంత గట్టిగా ఎందుకు పడుతోంది? అమ్మ మీద ఒళ్ళు మండుతోంది, నిజంగానే, ఆవిడ పోయి కూడా ఎన్నేళ్ళో అయ్యాక, ఈ కుర్చీలో కూర్చుని, ఒక బొమ్మల ఆట ముందు! అంతలోనే ఇంకో అనుమానం: అమ్మ ఆ మాట తనంతట తనే అందా? నాన్న గుమ్మం దాకా వచ్చి, నువ్వైతే మెల్లిగా చెబుతావని పంపాడా? అడుగుదామంటే ఇద్దరూ లేరు. పిల్ల ముళ్ళ మీద పడింది.

లేచింది. ఈసారి దాన్ని కాసేపు నిలబెట్టి, అసలు ఇదెక్కడుందో చూద్దామనుకుంది. అన్నీ చిన్న చిన్న గళ్ళే. పిల్ల ముఖం గుప్పెడు గళ్ళు, కన్నంటే ఒక నల్ల గడి, రిబ్బనంటే రెండు ఎర్ర గళ్ళు. చిన్నప్పుడు దిండు గలేబుల మీద తను క్రాస్ స్టిచ్‌లో కుట్టిన చిలకలు ఇలాగే ఉండేవి, దగ్గరగా చూస్తే లెక్క, దూరంగా చూస్తే చిలక. వెనక ఆకాశం బూడిద రంగులో ఉంది, అందులో పొడుగాటి పొగగొట్టాలు, వాటి పక్కన నడుం సన్నగా మెడ వెడల్పుగా ఉన్న పెద్ద పెద్ద కాంక్రీటు బానలు. ఓసినీ, ఇది మన థర్మల్ స్టేషను కాదూ! ఆ కొండ మీద విరిగిన గోడ కొండపల్లి ఖిల్లా కాదూ! బొగ్గు మోసే పట్టా ఏటవాలుగా పైకి పోతోంది, దాని మీద నుంచి పిల్ల పరిగెత్తి దూకాలి. దారిలో ఎదురొచ్చే బూడిద ముద్దలు, ఆరేసిన బట్టల మీద పడే బూడిదని తను తిట్టే తిట్లు విని పుట్టుకొచ్చాయేమో. పిల్ల దేనికోసం పరిగెడుతోందో ఇప్పుడు కనిపించింది. దాని రెండో జడకి రిబ్బను లేదు. గాలికి ఊడిపోయిన ఆ రిబ్బను ముందు ఎగురుతూ పోతోంది, దగ్గరికెళ్తే ఇంకో గోడ దాటుతోంది. ఇంత పరుగూ ఒక రిబ్బను కోసమా? ఇది మనూకెలా తోచింది? బళ్ళో చదివేటప్పుడు దీని రిబ్బను ఎప్పుడైనా పోయిందా, పోతే తను తిట్టిందా? గుర్తులేదు. ఏం నొక్కకుండా ఆలోచిస్తుంటే తెర మీద పిల్లకి విసుగొచ్చినట్టుంది, పక్కనున్న గోడకి భుజం ఆనించి, ఎడమ పాదం ఎత్తి కుడి పిక్క మీద రుద్దుకుంది. కాసేపాగి మళ్ళీ రుద్దుకుంది. ఎక్కడో చూశానే ఈ నిలబడ్డం, ఎవరబ్బా ఇలా నిలబడేది, అనుకుంటూ బల్ల కిందికి చూసింది ఇందిరాదేవి. చెప్పు విడిచిన ఆవిడ ఎడమ పాదం కుడి పిక్క మీద ఉంది. పొయ్యి దగ్గర పాలు పొంగేదాకా నిలబడ్డప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు. ఇది ఎప్పుడు చూసిందే తల్లీ! కూతురు ఏం చేస్తోందో తెలియదని తామిద్దరూ ఇంత బెంగపడుతుంటే, కూతురు తన కాళ్ళని గళ్ళు గళ్ళుగా గీసి పెట్టుకుంది. ఇందిరాదేవి పక్కకి చూడలేదు, చూస్తే, లేననుకోమన్న పిల్ల అక్కడ ఉంటుందని.

బల్ల చివర ఫోన్ మోగింది. నాగేశ్వరరావే. చెప్పావా అని అడగడానికి. మామూలుగా అయితే మొదటి మోతకే తీసే మనిషి, చేతులు రెండూ ఖాళీ లేక అలా మోగనిచ్చింది, బొగ్గు పట్టా మీద ఉంది మరి పిల్ల, ఆగితే వెనక్కి లాక్కుపోతుంది. గెంతి, దూసి, కిటికీలోంచి లోపలికి పడింది. ఫోన్ ఆగిపోయింది. పిల్ల కొత్త చోటికొచ్చింది. పెద్ద లైబ్రరీ అది, ఎత్తైన బీరువాలు, పసుపుపచ్చ వెలుతురు, రిబ్బను అంత ఎత్తున ఫ్యాను రెక్కకి చుట్టుకుని ఊగుతోంది. ముందుకు దూకింది ఇందిరాదేవి, దూకిన ఊపులో పిల్ల రెండు పాదాలూ ఒక లావుపాటి ఎర్ర పుస్తకం మీద దిగాయి. అయ్యో! కుడిచెయ్యి దానంతటదే మీటలు వదిలేసి, తెర మీద ఆ పుస్తకాన్ని వేలికొసలతో తాకి, కళ్ళకద్దుకుంది. ఈలోగా వెనకనుంచి బూడిద ముద్ద వచ్చి పిల్లని కాస్తా మింగేసింది. పక్కన ఊపిరి బిగబట్టిన చప్పుడైంది, అంతే, మాట లేదు. మళ్ళీ లేచింది, మళ్ళీ కిటికీ, మళ్ళీ ఆ గది. ఇప్పుడు జాగ్రత్తగా చూసింది. పైకి పోవాలంటే పుస్తకాలే మెట్లు. ఒకదాని మీద ఒకటి, ఎర్రవి, నీలంవి, చిన్నవి, పెద్దవి. తొక్కుకుంటూ పొమ్మంటోంది. అబ్బే, తొక్కేదెలా? పుస్తకం పొరపాటున కాలికి తగిలితేనే గుండె గతుక్కుమంటుంది, అలాంటిది వరసపెట్టి ఒక్కొక్క దాని మీదా ఎగిరి దూకడమా! ఇంకేదో దారి ఉండకపోదు. ఉండకపోతే ఇంత పెద్ద గది ఎందుకు కడుతుంది? బీరువా అంచు మీద నిలబడింది, అక్కణ్ణుంచి దూసి గోడ పట్టుకుంది, జారి చచ్చింది, లేచింది, మళ్ళీ అంచు. చివరి పుస్తకాల దొంతరకీ నేల అంచుకీ మధ్య సన్నటి సందు కనిపించింది. దూరుతుందా? గాల్లో ఉండగా కె నొక్కితే దూరుతుందేమో. మూడు నాలుగుసార్లు తల కొట్టుకుని చచ్చింది. హైస్పీడులో ఇలాగే ఒక అక్షరం దగ్గర వేలు మడత పడేది, దాని దగ్గర కొంచెం ముందుగా ఊపిరి తీసుకోమనేవారు మాస్టారు. కొంచెం ముందుగా ఊపిరి తీసుకుంది. జె. కె. దూరిపోయింది!

కింద ఏమీ లేదు. పిల్ల పడిపోతోంది. గది పైకి వెళ్ళిపోయింది, పుస్తకాలు వెళ్ళిపోయాయి, తెరంతా ఒకటే నీలం, మధ్యలో పిల్ల, జడలు రెండూ పైకి లేచి, చేతులు చాచి, పడుతూనే ఉంది. ముళ్ళొస్తాయని చూసింది. రాలేదు. చుక్కలు చుక్కలుగా చెదిరి మళ్ళీ లేస్తుందని చూసింది. చెదరలేదు. జె నొక్కింది, కె నొక్కింది, ఏదీ పనిచేయలేదు. చావడం లేదు, చావడం లేదు గనక లేవడమూ లేదు. ఇందిరాదేవికి ఇంతసేపూ ఎన్నిసార్లు చచ్చినా రాని భయం ఇప్పుడొచ్చింది. హైస్పీడు తప్పలేదు తను. తప్పి ఉంటే ఏడ్చేది, మళ్ళీ కట్టేది, మళ్ళీ తప్పినా మళ్ళీ కట్టేది. కట్టనే లేదు. అందుకే అది ఇంతవరకూ అయిపోనూ లేదు, అమ్మ మెల్లిగా అన్న ఆ రెండు ముక్కల తర్వాత తన వేళ్ళు ఎక్కడా ఆనకుండా ఇన్నేళ్ళూ ఇలాగే పడుతూ ఉన్నాయి. అదే మాటని ఈవేళ క్యారేజీలో పప్పన్నంతో పాటు సర్ది, మెల్లిగా పెడదామని తెచ్చింది తను. ఇంకా నయం, పిల్ల ముందు ఆటకి కూర్చోబెట్టింది.

"అమ్మా! అక్కడికెలా వెళ్ళావు?" మనోజ్ఞ లేచి నిలబడింది.

"నువ్వు మాట్లాడకూడదుగా?"

"ఆ టెస్టు ఎప్పుడో పోయిందిలే. ఆ కిందికి ఎందుకు దిగావసలు? ఎదురుగా మెట్లలా పుస్తకాలున్నాయి, ఎక్కిపోవచ్చుగా!"

"పుస్తకాల మీద కాలెలా పెడతానే?"

మనోజ్ఞ తెర వైపు చెయ్యి చూపించింది. "నిజం పుస్తకాలు కావమ్మా, బొమ్మలు."

"బొమ్మలే అనుకో. నొక్కేది నా వేలేగా."

పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందేమోనని ఇందిరాదేవి కంగారుపడింది గానీ, అది నవ్వుతోంది, నవ్వుతూనే సగం ఏడుస్తోంది. ఎంతమందితో ఆడించానో తెలుసా అంది, ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఆడించానంది, పక్క గది దీవెన అయితే వందసార్లు ఆడిందంది, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఆ పుస్తకాల ముందు ఆగలేదంది. "నాక్కూడా తట్టలేదు చూడు. ఇప్పటికీ పుస్తకం తగిలితే కళ్ళకద్దుకుంటాను నేను. అదే చేత్తో మెట్లని గీసేశాను. అక్కడ కింద నేలే వెయ్యలేదమ్మా, ఎవరూ రారనుకుని. సాయంత్రం పంపాక చూసేవాళ్ళెవరైనా ఇలా పడి ఉంటే నా పని అయిపోయేది." కళ్ళు తుడుచుకుని మీటల పలక తన వైపు లాక్కుంది. "ఫరవాలేదు, టైముంది. ఆ సందుకి ఒక గోడ పెట్టేస్తే సరిపోతుంది. చిటికెలో పని."

"గోడ పెట్టకే," అంది ఇందిరాదేవి. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "కింద నేల వెయ్యి."

"ఎందుకమ్మా, ఇంకెవరొస్తారు అక్కడికి?"

"నాలాంటిదొకతె ఎక్కడైనా ఉంటుంది. కాస్త చుట్టు తిరిగైనా పోతుంది పాపం. గోడ పెట్టావంటే దానికింక ఆ పుస్తకాలు తొక్కడమో, ఆట మానెయ్యడమో, రెండే మిగుల్తాయి."

మనోజ్ఞ తల్లి వైపు చూసింది, చాలాసేపు, ఇంతసేపూ తెరని చూసినట్టే చూసింది. తర్వాత తెర మీద ఇంకేదో తెరిచింది. ఆ నీలంలో, పుస్తకాల గది అడుగున, ఒక గడి పెట్టింది. దాని పక్కన ఇంకొకటి. మట్టి రంగు గళ్ళు, వాటి మీద అక్కడక్కడా పచ్చగా గడ్డి. పెడుతున్నంతసేపూ దాని నాలుక కొస పంటి మధ్యనుంచి బయటికొచ్చి ఉంది, పలక మీద అ ఆలు దిద్దేటప్పుడు ఉన్నట్టే. ఎంత వేగంగా పోతున్నాయి దాని వేళ్ళు! చూడకుండానే పోతున్నాయి. ఎవరు నేర్పారు దీనికి, ఏ మాస్టారు అట్ట అడ్డం పెట్టాడు? ఇందిరాదేవికి అడగాల్సినవి ఎన్నో పుట్టుకొస్తున్నాయి, ఆ బూడిద ముద్దలకి కళ్ళెందుకు పెట్టావు, రిబ్బను దొరికాక ఏమవుతుంది, అసలు దొరుకుతుందా. ఇన్నాళ్ళూ ఎప్పుడు వస్తావు, ఏం తిన్నావు తప్ప ఇంకేం అడిగింది తను?

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తీసింది.

"ఎత్తవేంటి ఇందిరా, ఇందాకట్నుంచీ చేస్తున్నాను. చెప్పావా?"

"లేదండీ. చెప్పను."

"అదేంటి, పొద్దున సరేనని వెళ్ళావుగా?"

"పొద్దునికి నేనింకా ఆడలేదండీ. ఈసారి మీరు కూడా వచ్చి ఆడండి, తర్వాత మాట్లాడదాం," అని పెట్టేసింది. ఫోన్ని బల్ల చివరికి బోర్లా తోసేసింది.

మనోజ్ఞ వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. "ఏం చెప్పనన్నావమ్మా?"

"ఇంక చాలని."

పిల్ల ఎప్పుడో ఊహించుకున్న మాటే అయ్యుండాలి, అయినా దాని కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "నాన్న చెప్పమన్నారా?"

"ఎవరు చెప్పమంటేనేం, మోసుకొచ్చింది నేనేగా. నేనే తీసుకుపోతాలే." ఇందిరాదేవి కుర్చీ ముందుకు జరుపుకుని, వేళ్ళు ఒకసారి విరుచుకుంది. తెర మీద ఓ మూల రెండు జడల పిల్ల గోడకి ఆనుకుని, ఎడమ పాదంతో కుడి పిక్క రుద్దుకుంటోంది. "కానివ్వు, ఆ నేల తొందరగా వేసి ఇటివ్వు. ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో పాపం."